నైజీరియాలో పెట్రోలు సబ్సిడీ రద్దు – అసంఘటిత రంగ కార్మికులపై ప్రభావం

పశ్చిమ ఆఫ్రికా దేశమైన నైజీరియా దాదాపు అర్ధ శతాబ్దం పాటు కొనసాగించిన పెట్రోలు సబ్సిడీని 2023 మే 29న ఎత్తివేసింది. ఆ నిర్ణయంతో బంకు ధర రెండు మూడు రోజుల్లోనే రెండున్నర రెట్లు దాటింది. పదహారు నెలలు తిరిగేసరికి అయిదు రెట్లయింది. ఆ దేశంలో పనిచేసే ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా జీతపు చీటీ, పింఛను, సెలవు లేని అసంఘటిత రంగంలోనే ఉన్నారు. అందుచేత ఈ రద్దు భారం ప్రధానంగా ఆటో డ్రైవర్లు, మోటారు సైకిల్ టాక్సీవాళ్లు, దర్జీలు, మంగలి దుకాణదారులు, వెల్డర్లు, సంతల్లో కూరగాయలు అమ్మే స్త్రీలు, చిన్న రైతుల మీద పడింది. ప్రభుత్వ ఖజానాకు మిగులు చూపించిన సంస్కరణ కూలివాడి ఇంటి లెక్కను ఎలా తలకిందులు చేయగలదో చూపడానికి ఇటీవలి కాలంలో ఎక్కువగా ప్రస్తావనకు వస్తున్న ఉదాహరణ ఇది.

సబ్సిడీ ఎలా మొదలైంది

నైజర్ నదీముఖ ప్రాంతంలోని ఒలోయిబిరిలో 1956లో చమురు బయటపడింది. 1958లో ఎగుమతులు మొదలయ్యాయి. 1971లో నైజీరియా ఒపెక్‌లో చేరింది. 1973లో ప్రపంచమంతటా చమురు ధరలు ఎగిసినప్పుడు, ఆ వేడి సొంత ప్రజలకు తగలకుండా ప్రభుత్వం దేశీయ ధరను కట్టడి చేసింది. 1977 నాటి ధరల నియంత్రణ చట్టం ఆ ఏర్పాటుకు చట్టబద్ధత ఇచ్చింది. తాత్కాలికమని మొదలైనది తరాల తరబడి నిలిచిపోయింది.

నేలలో చమురున్నా శుద్ధి చేసే శక్తి దేశంలో సన్నగిల్లుతూ వచ్చింది. పోర్ట్ హార్కోర్ట్‌లో రెండు, వార్రిలో ఒకటి, కడూనాలో ఒకటి – ఈ నాలుగు ప్రభుత్వ శుద్ధి కర్మాగారాల ఉమ్మడి సామర్థ్యం రోజుకు 4.45 లక్షల పీపాలు. నిర్వహణ లోపించి అవి ఏళ్ల తరబడి మూలనపడ్డాయి. ముడిచమురు అమ్మి పెట్రోలు కొనుక్కునే స్థితి వచ్చింది. దిగుమతి ఖరీదుకూ బంకులో అమ్మే ధరకూ మధ్య తేడాను ఖజానా భరించేది. కొన్నేళ్లు ఆ తేడాను ప్రైవేటు దిగుమతిదారులకు చెల్లించారు. తరువాత ప్రభుత్వ చమురు సంస్థ ఎన్‌ఎన్‌పీసీ తాను ఖజానాకు కట్టవలసిన సొమ్ములోంచే మినహాయించుకునేది. 2022లో సబ్సిడీ వ్యయం సుమారు 4.39 లక్షల కోట్ల నైరాలకు చేరింది. కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు నెలనెలా పంచుకునే ఉమ్మడి ఖాతాకు ఆ సంస్థ ఆ ఏడాది ఏమీ జమ చేయలేకపోయింది.

తీసివేయాలన్న ప్రయత్నాలు అంతకు ముందూ జరిగాయి. 1986లో ఇబ్రహీం బబాంగిడా సైనిక ప్రభుత్వం ఆర్థిక సర్దుబాటు కార్యక్రమంలో భాగంగా ధర పెంచింది. 2012 జనవరి 1న గుడ్‌లక్ జొనాథన్ ప్రభుత్వం సబ్సిడీని హఠాత్తుగా రద్దు చేయడంతో లీటరు 65 నైరాల నుంచి 141 నైరాలకు పెరిగింది. దేశమంతా సమ్మెలు, ఊరేగింపులు సాగాయి. జనవరి 16న ధరను 97 నైరాలకు దించవలసి వచ్చింది. 2016 మేలో ముహమ్మదు బుహారీ ప్రభుత్వం దాన్ని 145కు పెంచింది. 2021 ఆగస్టులో వచ్చిన పెట్రోలియం పరిశ్రమ చట్టం ధరలను మార్కెట్‌కు వదలాలని చెప్పినా, ఎన్నికలు దగ్గరపడటంతో అమలు వాయిదా పడింది. 2023 బడ్జెట్‌లో సబ్సిడీకి జూన్ వరకే కేటాయింపు ఉంచారు.

2023 రద్దు, ఆ తరువాతి ధరలు

2023 మే 29న అబుజాలోని ఈగిల్ స్క్వేర్‌లో అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేసిన బోలా టినుబు, పెట్రోలు సబ్సిడీ ఇక లేదని ఆ వేదిక మీదే ప్రకటించారు. ఆ సాయంత్రానికే బంకుల ముందు బారులు తీరాయి. రవాణా చార్జీలు కొత్త ధరకంటే ముందే పెరిగాయి.

ఎన్‌ఎన్‌పీసీ బంకుల్లో లీటరు ధర మారిన వైనం ఇది:

- 2023 మే 29కి ముందు: 190 నైరాల అటూ ఇటూ
- 2023 మే 31: లాగోస్‌లో 488, అబుజాలో 537
- 2023 జూలై 18: అబుజాలో 617
- 2024 సెప్టెంబరు 3: లాగోస్‌లో 855, అబుజాలో 897
- 2024 అక్టోబరు 9: లాగోస్‌లో 998, అబుజాలో 1,030

ఈ పెరుగుదల అంతా సబ్సిడీ రద్దు వల్లనే వచ్చింది కాదు. 2023 జూన్ 14న కేంద్ర బ్యాంకు నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదిలింది. అప్పటిదాకా డాలరుకు 471 నైరాల దగ్గర ఉన్న అధికారిక రేటు 2024 చివరికి 1,500 దాటింది. దిగుమతి పెట్రోలు ఖరీదు నైరాల్లో ఎగబాకింది. బంకు ధర మాత్రం ఏడాదికి పైగా 600 నైరాల మీదే కదలకుండా ఉంది. అంటే పోయిందన్న సబ్సిడీ దొడ్డిదారిన కొంత తిరిగి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఎన్‌ఎన్‌పీసీ సరఫరాదారులకు పెద్ద మొత్తంలో బాకీ పడ్డానని ఒప్పుకుంది. రెండు రోజులకే ధర మళ్లీ పెరిగింది. అదే నెలలో లాగోస్ దగ్గరి లెక్కీలో డాంగోటే శుద్ధి కర్మాగారం నుంచి తొలిసారి పెట్రోలు బంకులకు వచ్చింది. దాని సామర్థ్యం రోజుకు 6.5 లక్షల పీపాలు. 2025 తొలి నెలల్లో ఆ కర్మాగారం ధరలు తగ్గించడంతో లాగోస్‌లో లీటరు 900 లోపుకు దిగింది. పాత ధర మాత్రం తిరిగి రాలేదు.

అసంఘటిత రంగం స్వరూపం

నైజీరియా జాతీయ గణాంక కార్యాలయం 2023లో వెలువరించిన శ్రామిక సర్వేల ప్రకారం పనిచేసేవారిలో 92 శాతానికి పైగా అసంఘటిత ఉపాధిలో ఉన్నారు. వీరిలో అధికులు యజమాని కింద పనిచేసేవారు కారు. చిన్న దుకాణమో, బండో, యంత్రమో పెట్టుకుని తమ పని తాము చేసుకునేవారు. వారికి వచ్చిన రాబడిలోంచి ముందు పెట్రోలు, సరుకు, బాడుగ, సంఘాల రోజువారీ వసూళ్లు పోవాలి. ఆ తరువాత మిగిలిందే వారి కూలి. పెట్రోలు ధర పెరిగితే కోత పడేది ఆ మిగులు మీదే.

పెట్రోలు ఖర్చు ఈ కార్మికుడి లెక్కలో నాలుగు చోట్ల కనిపిస్తుంది: పనికి వెళ్లే చార్జీలో, దుకాణంలో తిరిగే జనరేటరులో, చేతిలోని పనిముట్టులో, వండుకునే తిండిలో. నెలజీతం వచ్చే ఉద్యోగికి ఇందులో ఒకటో రెండో తగులుతాయి. అసంఘటిత కార్మికుడికి నాలుగూ ఒకే రోజు తగిలాయి. పైగా 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాత నోట్ల మార్పిడి వల్ల వచ్చిన నగదు కరువు అప్పటికే సంతలను కుంగదీసింది. ఆ దెబ్బ నుంచి చిల్లర వర్తకులు తేరుకోకముందే ఇది వచ్చింది.

రవాణా కార్మికులు

లాగోస్ వీధుల్లో పసుపు రంగు మినీ బస్సులను డాన్ఫో అంటారు. మోటారు సైకిల్ టాక్సీ దక్షిణాన ఒకాడా, ఉత్తరాన అచాబా. మూడు చక్రాల ఆటోను కేకే అంటారు. ఈ ఆటోల్లో అధికభాగం భారతదేశపు బజాజ్, టీవీఎస్ కంపెనీలవే. నిరుద్యోగ యువకుల బతుకుతెరువుగా ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం 2000ల తొలి ఏళ్లలో వీటిని పంచడంతో అవి దేశమంతా పాకాయి.

కేకే నడిపేవారిలో చాలామందికి బండి సొంతం కాదు. యజమానికి రోజుకో వారానికో ఇంత అని కట్టాలి. వాయిదాల మీద కొనుక్కున్నా కిస్తీ తప్పదు. వీటికి తోడు అడ్డాల దగ్గర సంఘాల పేరిట జరిగే వసూళ్లు ఉన్నాయి. రోజుకు 8 లీటర్లు వాడే డ్రైవరు లెక్క వేసుకుంటే, పాత ధరకు 1,520 నైరాలు అయ్యే పెట్రోలు 617 నైరాల ధరకు 4,936, 1,030 నైరాల ధరకు 8,240 అయింది. యజమానికి కట్టేది తగ్గలేదు, సంఘాల వసూళ్లూ తగ్గలేదు.

చార్జీ పెంచి సర్దుకోవచ్చునన్నది పైకి కనిపించే పరిష్కారం. పెంచారు కూడా. గణాంక కార్యాలయం లెక్కలో నగరంలో బస్సు ప్రయాణపు సగటు చార్జీ 2023 మేలో 650 నైరాలుంటే జూన్‌లో 1,285 అయింది. ఒక్క నెలలో దాదాపు రెట్టింపు. అయితే చార్జీ పెరిగిన కొద్దీ ఎక్కేవారు తగ్గారు. జనం దగ్గరి దూరాలు నడవసాగారు. కొందరు పని స్థలాల్లోనే పడుకుని వారాంతంలో ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు. సీట్లు నిండేదాకా అడ్డాలో ఆగడం వల్ల రోజుకు పడే ట్రిప్పులు తగ్గాయి. లాగోస్‌లో 2022 జూన్ నుంచి కొన్ని స్థానిక ప్రాంతాల్లో ఒకాడాలపై నిషేధం ఉండటంతో, బండి మార్చి బతికే దారి కూడా ఆ డ్రైవర్లకు ఇరుకైంది.

ఇదే సమయంలో ఎడో, క్వారా రాష్ట్రాలు తమ ఉద్యోగుల ప్రయాణ ఖర్చు తగ్గించడానికి పనిదినాలను వారానికి మూడుకు కుదించాయి. జీతం తగ్గకుండా రాకపోకలు తగ్గించుకునే ఆ వెసులుబాటు అడ్డా మీద నిలబడేవారికి ఏ రాష్ట్రంలోనూ లేదు. వారు రాని రోజున రాబడీ ఉండదు.

జనరేటరు మీద బతికే వృత్తులు

ఇరవై కోట్లకు మించిన జనాభా ఉన్న నైజీరియాకు విద్యుత్ గ్రిడ్ అందించేది సాధారణంగా 4,000 మెగావాట్ల దగ్గరే. కరెంటు గంటల తరబడి ఉండదు కాబట్టి మంగలి జుట్టు కత్తిరించే యంత్రం, దర్జీ మిషను, ఫోన్ చార్జింగ్ కొట్టు, ఫొటోకాపీ దుకాణం, శీతల పానీయాల ఫ్రిజ్ అన్నీ పెట్రోలు జనరేటరు మీదే ఆధారపడ్డాయి. ఒక కిలోవాటుకు లోపు శక్తి ఉన్న చిన్న జనరేటరును జనం 'పొరుగువాడికన్నా నేనే మేలు' అన్న అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలుస్తారు. పేదల వీధుల్లో దాని మోత వినిపించని పూట ఉండేది కాదు.

సబ్సిడీ పోయాక ఈ వృత్తుల వారు మూడు రకాలుగా సర్దుకున్నారు. జనరేటరు వేసే గంటలు కుదించారు. ఇద్దరు ముగ్గురు దుకాణదారులు కలిసి ఒకే జనరేటరు నడిపి పెట్రోలు ఖర్చు పంచుకున్నారు. కరెంటు వచ్చిన వేళకు, అది అర్ధరాత్రి అయినా, పనిని జరుపుకున్నారు. దర్జీలకు, వెల్డర్లకు ఇచ్చిన గడువులు దాటిపోవడం, బేరాలు చేజారడం దీని ఫలితాలు. 2024 ఏప్రిల్‌లో రోజుకు 20 గంటలు సరఫరా ఉండే వర్గానికి యూనిట్ ధరను 68 నైరాల నుంచి 225 నైరాలకు పెంచడంతో, కరెంటు బాగా ఉండే వీధుల్లో కొట్టు పెట్టుకున్నవారికీ ఊరట దక్కలేదు.

స్థోమత ఉన్నవారు సౌర ఫలకాలకు మారారు. చైనా నుంచి వాటి దిగుమతి రద్దు తరువాతి ఏళ్లలో గణనీయంగా పెరిగింది. ఒకేసారి పెట్టుబడి పెట్టలేని చిన్న కొట్టు మాత్రం రోజుకింత పెట్రోలు కొనుక్కుంటూనే ఉంది.

సంత, తిండి, సేద్యం

లాగోస్‌లోని మైల్ 12 సంతకు టమాటా, ఉల్లి, మిరప, బంగాళాదుంప ఉత్తరాదిలోని కానో, కడూనా, సోకోటో, ప్లాటో ప్రాంతాల నుంచి వందల కిలోమీటర్లు దాటి వస్తాయి. ఆ లారీలు నడిచేది డీజిలు మీద. డీజిలు మీద ధరల నియంత్రణ అంతకు చాలా ముందే పోయింది. 2022లోనే అది చాలా చోట్ల 700 నైరాలు దాటింది. కాబట్టి దూరపు లారీ కిరాయి పెరగడానికి నైరా పతనమే పెద్ద కారణం. సంతకు చేరిన సరుకును అక్కడి నుంచి వీధికి చేర్చే వ్యాను, ఆటో కిరాయిలో మాత్రం పెట్రోలు సబ్సిడీ రద్దు నేరుగా కనిపిస్తుంది. తలమీద గంప పెట్టుకుని అమ్మే స్త్రీ ఈ చివరి కిరాయిని తన పెట్టుబడిలోంచే కట్టాలి.

సాధారణ ద్రవ్యోల్బణం 2023 మేలో 22.41 శాతం ఉండగా 2024 జూన్‌కు 34.19 శాతానికి చేరింది. ఆహార ద్రవ్యోల్బణం ఆ నెలలో 40 శాతం దాటింది. ఉత్తరాదిలో సాయుధ ముఠాల భయంతో పొలాలు బీడుపడటం, వరదలు, మారకపు రేటు – ఇవన్నీ ఇందులో కలిశాయి. పెట్రోలు వాటా ఇంత అని విడదీసి చెప్పడం కష్టం. 50 కిలోల బియ్యం బస్తా ధర ఏడాదిలో రెట్టింపు దాటిందన్నది మాత్రం ఇంటింటికీ తెలిసిన లెక్క.

చిల్లర వర్తకంలో స్త్రీల వాటా పెద్దది. వీరి పెట్టుబడి సాధారణంగా సొంత పొదుపు నుంచో, మన చిట్టీలను పోలిన ఎసుసు, అజో, ఆదాషి సంఘాల నుంచో వస్తుంది. ధరలు పెరిగినప్పుడు అదే డబ్బుకు తక్కువ సరుకు వస్తుంది. బస్తా కొనే చోట అరబస్తా, గిన్నెతో కొలిచే చోట గ్లాసుతో కొలవడం అలవాటయ్యాయి. వాయిదా కట్టలేక చిట్టీ మానుకున్నవారికి మరుసటి పెట్టుబడి దారి మూసుకుపోయింది. మొక్కజొన్న, మిరప, సోయా పట్టే చిన్న పిండిమరలు కూడా చాలా చోట్ల పెట్రోలు ఇంజనుతోనే నడుస్తాయి. వాటి దగ్గర పిండి పట్టే రేటు పెరగడం వీధిలో వండి అమ్మేవారి మెడకు చుట్టుకుంది.

సేద్యంలోనూ ఇదే కథ. కెబ్బి, కానో, సోకోటోల్లోని ఏటి ఒడ్డు భూముల్లో వానలు వెనకబడ్డాక చిన్న రైతులు పెట్రోలు పంపులతో తడి పెట్టుకుని కూరగాయలు, వరి, గోధుమ పండిస్తారు. తడి ఖర్చు మూడింతలైతే సాగు విస్తీర్ణం కుదించుకోవడమే వారికి దొరికిన ఉపాయం. అక్కడ కోత కూలీలకు పని దినాలు తగ్గాయి.

సరిహద్దు దాటిన ప్రభావం

నైజీరియాలో చవకగా ఉన్న పెట్రోలు ఏళ్ల తరబడి బెనిన్, టోగో, కామెరూన్, నైజర్ దేశాలకు దొంగచాటుగా వెళ్లేది. బెనిన్‌లో దాన్ని క్పాయో అంటారు. కోటోను, పోర్టో నోవో రోడ్ల పక్కన గాజు సీసాల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి అమ్మేవారు, మోటారు సైకిళ్లకు డబ్బాలు కట్టుకుని సరిహద్దు దాటించేవారు, నిల్వ ఉంచేవారు – ఇదంతా పెద్ద అసంఘటిత ఉపాధి. 2023 జూన్ నుంచి క్పాయో ధర దాదాపు రెట్టింపయి, అధికారిక బంకు ధరకు సమీపించింది. కొనేవారు బంకులకు మళ్లారు. అమ్మేవారు చాలామంది బతుకుతెరువు పోగొట్టుకున్నారు. మోటారు సైకిల్ టాక్సీ చార్జీలు అక్కడా పెరిగాయి. వ్యాపారం పూర్తిగా ఆగలేదు. 2023 సెప్టెంబరు 23న సరిహద్దు పట్టణం సేమె పోజిలో అక్రమ పెట్రోలు నిల్వ కేంద్రం అంటుకుని 30 మందికి పైగా మరణించారు.

నైజీరియా లోపల రోజువారీ పెట్రోలు వాడకం రద్దుకు ముందు సుమారు 6.7 కోట్ల లీటర్లని, తరువాత 4.8 కోట్ల లీటర్లకు పడిపోయిందని నియంత్రణ సంస్థ 2023లో ప్రకటించింది. ఈ తేడాలో కొంత దొంగ రవాణా ఆగడం వల్ల, కొంత జనం వాడకం తగ్గించుకోవడం వల్ల. రెండోదాన్ని ఆదా అని లెక్కలో రాస్తారు. వాడకం తగ్గించుకున్న చోట మూతపడిన కొట్టు, నడిచిన దూరం ఆ లెక్కలో రావు.

పరిహార పథకాలు

2023 జూలైలో ప్రభుత్వం 1.2 కోట్ల పేద కుటుంబాలకు నెలకు 8,000 నైరాల చొప్పున ఆరు నెలలు ఇస్తామంది. ఆ మొత్తం అతి తక్కువని విమర్శలు రావడంతో వెనక్కి తీసుకుంది. లబ్ధిదారులను ఎంచవలసిన జాతీయ సామాజిక రిజిస్టరు నమ్మదగినది కాదని రాష్ట్రాల గవర్నర్లే అదే నెలలో అభ్యంతరం చెప్పారు. ఆగస్టులో ఒక్కో రాష్ట్రానికి ధాన్యం పంపిణీ నిమిత్తం 500 కోట్ల నైరాల చొప్పున కేటాయించారు.

2023 అక్టోబరు 17న కొత్త పథకం వచ్చింది: 1.5 కోట్ల కుటుంబాలకు నెలకు 25,000 నైరాల చొప్పున మూడు నెలలు. దీనికి ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 80 కోట్ల డాలర్ల అప్పు ఆధారం. 2024 జనవరిలో సంబంధిత మంత్రిత్వ శాఖలో నిధుల మళ్లింపు ఆరోపణలు రావడంతో మంత్రిని సస్పెండ్ చేసి చెల్లింపులు ఆపారు. తిరిగి మొదలైనప్పుడు జాతీయ గుర్తింపు సంఖ్య, బ్యాంకు ఖాతా సరిచూసుకోవడంలో మరింత ఆలస్యమైంది. 2025 ఆరంభానికి కూడా డబ్బు అందిన కుటుంబాలు లక్ష్యంలో మూడోవంతుకు అటూ ఇటూగానే ఉన్నాయి. ఈలోగా ఆ డబ్బు విలువ కరిగింది. పథకం ప్రకటించిన నాటి అబుజా ధరకు 25,000 నైరాలతో 40 లీటర్ల పెట్రోలు వచ్చేది, ఏడాది తరువాతి ధరకు 24 లీటర్లే వచ్చింది.

చిన్న చిన్న వ్యాపారులు పదిలక్షల మందికి తలా 50,000 నైరాల గ్రాంటు ఇచ్చే పథకాన్ని బ్యాంక్ ఆఫ్ ఇండస్ట్రీ ద్వారా నడిపారు. బళ్లను సీఎన్‌జీకి మార్చే అధ్యక్ష కార్యక్రమం 2027 నాటికి పదిలక్షల వాహనాల లక్ష్యం పెట్టుకుంది. మార్చుకున్న డ్రైవర్లకు ఖర్చు బాగా తగ్గింది. గ్యాస్ బంకులు మాత్రం కొన్ని నగరాలకే పరిమితం కావడంతో గంటల తరబడి వరుసల్లో నిలబడవలసి వచ్చింది. రోజు అద్దె కట్టే డ్రైవరుకు ఆ నిరీక్షణే నష్టం.

ఉద్యోగులకు వేరే దారి దొరికింది. సమ్మె హెచ్చరికల తరువాత కేంద్ర ఉద్యోగులకు నెలకు 35,000 నైరాల తాత్కాలిక భత్యం ఒప్పుకున్నారు. 2024 జూలై 29న కనీస వేతనాన్ని 30,000 నుంచి 70,000 నైరాలకు పెంచే చట్టంపై అధ్యక్షుడు సంతకం చేశారు. ఆ పెంపు కూడా ధరలతో సరితూగలేదు: పాత వేతనంతో పాత ధరకు 158 లీటర్లు కొనవచ్చు, కొత్త వేతనంతో 1,030 నైరాల ధరకు 68 లీటర్లే. అసంఘటిత కార్మికులకు ఆ పెంపైనా వర్తించలేదు.

నిరసనలు

కార్మిక సంఘాలు 2023 ఆగస్టు 2న ప్రదర్శనలు, సెప్టెంబరు 5, 6 తేదీల్లో హెచ్చరిక సమ్మె జరిపాయి. వాటి బేరసారాలు వేతనాల చుట్టూ తిరిగాయి. సంఘంలో లేని వీధి కార్మికులు, నిరుద్యోగ యువకులు 2024 ఆగస్టు 1 నుంచి పది రోజుల పాటు దుష్పాలనకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనల్లో పెద్ద సంఖ్యలో కనిపించారు. ఆకలి, పెట్రోలు ధర ప్రధాన నినాదాలు. భద్రతా దళాల కాల్పుల్లో కనీసం 24 మంది మరణించారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదించింది. అదే ఏడాది డిసెంబరులో ఇబాడాన్, అబుజా, అనంబ్రా రాష్ట్రంలోని ఒకిజాలలో ఉచిత తిండి, కానుకల పంపిణీ దగ్గర తొక్కిసలాటల్లో 60 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు ఎక్కువ.

వాదాలు, ప్రతివాదాలు

రద్దును సమర్థించేవారి ప్రధాన వాదన సబ్సిడీ ధనికులకే ఎక్కువ చేరిందన్నది. జనాభాలో అట్టడుగు 40 శాతం మంది కొనే పెట్రోలు మొత్తంలో 3 శాతమేనని ప్రపంచ బ్యాంకు లెక్క చూపింది. దొంగ రవాణా, నకిలీ దిగుమతి బిల్లులు మరొక కారణం. రద్దు తరువాత కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు పంచుకున్న ఉమ్మడి ఆదాయం 2024లో 15 లక్షల కోట్ల నైరాలు దాటింది. ఆ లెక్క నిజమే.

అయితే ప్రపంచ బ్యాంకు చూపిన ఆ 3 శాతంలో పేదలు నేరుగా పోయించుకున్న పెట్రోలే ఉంది. డాన్ఫో చార్జీలో, మంగలి రుసుములో, టమాటా ధరలో కలిసి వచ్చే పెట్రోలు వాటా అందులో లేదు. అసంఘటిత కార్మికుడు పెట్రోలును ఎక్కువగా ఈ రూపాల్లోనే కొంటాడు. విమర్శకుల మరో మాట అదనపు ఆదాయం ఎటు పోయిందన్నది. రాష్ట్రాల వాటా పెరిగినంతగా పట్టణ బస్సులు, కరెంటు, ప్రాథమిక వైద్యం మెరుగుపడిన దాఖలాలు తక్కువ. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారమే 2018లో 40 శాతంగా ఉన్న పేదరికం 2024 నాటికి 56 శాతానికి చేరింది. సుమారు 12.9 కోట్ల మంది.

ఇతర దేశాల అనుభవం

ఇండొనేసియా 2005 అక్టోబరులో ఇంధన ధరలను రెట్టింపుకు పైగా పెంచినప్పుడు, ఆ నెల నుంచే పేద కుటుంబాలకు మూడు నెలలకోసారి 3 లక్షల రుపయాలు తపాలా కార్యాలయాల ద్వారా పంచింది. ఇరాన్ 2010 డిసెంబరులో ధరలు పెంచకముందే కుటుంబాల ఖాతాల్లో తలకు నెలకు 4.55 లక్షల రియాళ్ల చొప్పున జమ చేసి, ధర మారిన రోజున తీసుకోనిచ్చింది. తరువాతి ద్రవ్యోల్బణం ఆ సొమ్మును తినేసినా మొదటి తాకిడికి అది అడ్డుకట్టగా నిలిచింది. అంగోలాలో 2023 జూన్‌లో పెట్రోలు 160 నుంచి 300 క్వాంజాలకు పెరిగింది. టాక్సీ డ్రైవర్లకు రాయితీ కార్డులిస్తామన్న హామీ సకాలంలో అమలు కాక హువాంబోలో అల్లర్లు, మరణాలు సంభవించాయి. 2025 జూలైలో డీజిలు పెంపు మీద మినీ బస్సు డ్రైవర్లు చేసిన సమ్మె లువాండాలో ప్రాణనష్టానికి దారితీసింది.

భారతదేశం నెమ్మదైన దారి ఎంచుకుంది. 2010 జూన్‌లో పెట్రోలు ధరను మార్కెట్‌కు వదిలింది. డీజిలును 2013 జనవరి నుంచి నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుతూ, ప్రపంచ ధరలు పడిపోయిన 2014 అక్టోబరులో పూర్తిగా వదిలింది. రేషను కిరోసిన్‌ను 2016 నుంచి విడతకు 25 పైసల చొప్పున పెంచింది. గ్యాస్ సబ్సిడీని నేరుగా ఖాతాలో వేసే పద్ధతి 2013 జూన్‌లో మొదలైన తొలి జిల్లాల్లో హైదరాబాదు, తూర్పు గోదావరి, చిత్తూరు, అనంతపురం ఉన్నాయి. నెమ్మదిగా సాగడం వల్ల నైజీరియాలో వచ్చినంత కుదుపు ఇక్కడ రాలేదు. అయితే రోడ్డు పక్క టిఫిను బండికి కావలసిన వాణిజ్య సిలిండరు మీద సబ్సిడీ లేదు. 2021లో పెట్రోలు వంద రూపాయలు దాటినప్పుడు ఆటో డ్రైవర్లకు దేశవ్యాప్త రక్షణా లేదు. రాష్ట్రాలు తమ తమ పథకాలతో కొంత పూడ్చాయి: ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సొంత ఆటో నడుపుకునేవారికి ఏటా 10,000 రూపాయల వాహన మిత్ర మొదలైంది. వేటకు వెళ్లే మరపడవల డీజిలుపై రాయితీని లీటరుకు 9 రూపాయలకు పెంచారు. అద్దె ఆటో నడిపేవారు వాహన మిత్ర పరిధిలోకి రాలేదు. నైజీరియాలో కేకే అద్దెకు తీసుకునేవారి ఇబ్బంది వంటిదే ఇది.

మదింపు

నైజీరియా సబ్సిడీ మోయలేని బరువన్న విషయంలో ఆర్థికవేత్తల మధ్య పెద్ద భేదం లేదు. తీసిన తీరు మీదే భేదం. ధర మూడు రోజుల్లో మారింది, తొలి నగదు బదిలీకి అయిదు నెలలు పట్టింది, అది అధికశాతం కుటుంబాలకు రెండేళ్లకూ చేరలేదు. ఊరట పంపడానికి ఎంచుకున్న దారులు జీతం, బ్యాంకు ఖాతా, ప్రభుత్వ రిజిస్టరు. దేశపు శ్రామికుల్లో పదింట తొమ్మిది వంతులకు మించి ఈ దారులకు దూరంగానో అంచునో ఉన్నారు. నగదు చేరే ఏర్పాటు, చవకైన పట్టణ రవాణా, నమ్మదగిన కరెంటు – ఈ మూడింటిలో ఒక్కటైనా ముందుగా సిద్ధం చేసి ధర పెంచి ఉంటే నష్టం తగ్గేది. ఇంధన సబ్సిడీ తగ్గించాలనుకునే ఏ ప్రభుత్వమైనా ముందు అడ్డా మీది డ్రైవరుకూ సంతలోని అమ్మకందారుకూ డబ్బు చేర్చే దారి వేసి, ఆ తరువాతే బంకు ధర మీద చేయి వేయాలి.